‘తెలీదు’ అని చెప్పగలిగే ధైర్యం ఉందా?

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి అందరూ కాల్‌లోకి రండి అని మీ మేనేజర్ మెసేజ్ పెట్టాడనుకోండి. ఎందుకో రాయలేదు. ఇక ఆ రోజు పని సాగుతుందా? మేనేజర్ లేని ఇంకో వాట్సాప్ గ్రూప్ ఒకటి ఉంటుంది కదా, అందులో మొదలవుతుంది. ‘క్లయింట్ పోయాడంట’, ‘బెంచ్ మీద ఉన్నోళ్ల లిస్ట్ తీస్తున్నారంట’, ‘ఏఐ టూల్ తెస్తున్నారంట, సగం మంది చాలంట’. నాలుగు కొట్టేసరికి ప్రతి ఒక్కరూ మనసులో ఒకసారి ఉద్యోగం పోగొట్టుకుని ఉంటారు.

ఇప్పుడు సీటు మార్చి చూడండి. ఆ మెసేజ్ పెట్టాల్సింది మీరే. మీకు ఇరవై ఏడేళ్లు. టీమ్ లీడ్ అయ్యి ఆర్నెల్లయింది. కింద పది మంది ఉన్నారు. పైనుంచి మీకు అందిన సమాచారం రెండే ముక్కలు: ప్రాజెక్టులో మార్పులుంటాయి, వివరాలు తర్వాత. ఆ పది మందికి ఏం చెప్తారు?

ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. ‘టీసీఎస్‌లో చేరితే రిటైర్మెంట్ దాకా ఢోకా లేదు’ అని మన ఇళ్లల్లో అనుకునే కంపెనీ అది. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, మా మాధవరం వైపు నుంచి బీటెక్ చేసి బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లినవాళ్లలో చాలామంది ఆ ఇంట్లో ఆఫీసు ఉద్యోగం చేస్తున్న మొదటి మనిషి. కంపెనీలో ఇట్లా జరుగుతోంది, ఏం చేయాల అని అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. నాయన ఫోన్ చేసి ‘పని ఎట్లుంది రా’ అంటే ‘బాగుంది నాయనా’ అనడం అలవాటైపోయింది. అదే అలవాటును టీమ్ ముందు కూడా చూపిస్తాం. ‘ఏం కాదులే, అంతా బాగానే ఉంది’ అనేస్తాం.

నా అభిప్రాయం ఒక్కటే. అనిశ్చితిలో టీమ్‌ను నడిపేవాళ్లకు ఉండాల్సిన ఆత్మవిశ్వాసం అన్నిటికీ జవాబు తెలిసినట్టు కనిపించడంలో లేదు. తెలిసింది ఏదో, తెలియనిది ఏదో విడదీసి చెప్పగలగడంలో ఉంది. ‘ధైర్యంగా కనిపించు, మిగతాది అదే వస్తుంది’ అని చెప్పే ట్రైనింగ్‌లు చాలా చూశాం. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

‘ఏం కాదులే’ ఖరీదు ఎంత?

టీమ్‌లో ఒక తమ్ముడు వచ్చి అడుగుతాడు: ‘అన్నా, ఫ్లాట్ బుక్ చేద్దామనుకుంటున్నా. మన ప్రాజెక్టు ఉంటుంది కదా?’ మీకు తెలీదు. కానీ లీడ్ కాబట్టి, భయపెట్టడం ఇష్టం లేక, ‘ఉంటుంది లేరా, నువ్వు కానియ్’ అంటారు. ఆ మాట మీద అతను ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెడతాడు. మూడు నెలలకు ప్రాజెక్టు పోతుంది. అప్పుడు మీ మంచితనం అతనికి ఏ వాయిదా కట్టిపెట్టదు.

ఇందుకే ఇది మాటల గురించిన విషయం కాదంటున్నాను. లీడ్ చెప్పే మాట మీద మనుషులు పెళ్లిళ్లు, లోన్లు, చెల్లెలి ఫీజులు ప్లాన్ చేసుకుంటారు. తెలియనిది తెలిసినట్టు చెప్పడమంటే వాళ్ల డబ్బుతో మన గౌరవం కాపాడుకోవడమే.

లెక్కలు తేలకముందే కంపెనీని నిలబెట్టారు

మన తెలుగువాళ్ల కంపెనీల చరిత్రలో ఇంతకంటే పెద్ద అనిశ్చితి ఇంకోటి లేదేమో. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు బోర్డుకు లేఖ రాశారు. ఖాతాల్లో చూపిన నగదులో ఐదు వేల కోట్ల రూపాయలకు పైగా అసలు లేదన్నది ఆ లేఖ సారాంశం. సుమారు 50 వేల మంది ఉద్యోగులు. వచ్చే నెల జీతం పడుతుందా అన్నది అప్పుడు ఏ ఒక్కరికీ తెలీదు.

కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొన్ని రోజుల్లోనే కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి.అచ్యుతన్‌లను నియమించింది. తర్వాత తరుణ్ దాస్, టి.ఎన్.మనోహరన్, ఎస్.బి.మైనక్ చేరారు. ఆ కొత్త బోర్డు దగ్గర ఏమున్నాయి? నమ్మదగిన ఖాతాలు లేవు. కంపెనీకి నిజంగా లాభమొస్తోందో లేదో కూడా తెలీదు. సరిచేసిన లెక్కలు బయటికొచ్చింది 2010 సెప్టెంబర్‌లో, అంటే ఏడాదిన్నర దాటాక.

అయినా ఆగలేదు. తెలియనిదాన్ని తేల్చే పని ఆడిటర్లకు అప్పగించి, తమ చేతిలో ఉన్నవాటి మీద పడ్డారు. జీతాలకూ రోజువారీ ఖర్చులకూ బ్యాంకుల నుంచి 600 కోట్ల రూపాయల రుణం తెచ్చారు. ఫిబ్రవరి 5న ఎ.ఎస్.మూర్తిని సీఈవోగా ప్రకటించారు. ఆయన బయటి నుంచి తెచ్చిన మనిషి కాదు, చాలా ఏళ్లుగా కంపెనీలోనే పనిచేస్తున్న వ్యక్తి. క్లయింట్‌లకూ ఉద్యోగులకూ తెలిసిన మొహం ఒకటి ముందుకొచ్చింది. కంపెనీని వేలం వేసే పద్ధతి మీద అనుమానం రాకుండా సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి.భరూచాను పర్యవేక్షణకు పెట్టారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా ఒక్కో షేరుకు 58 రూపాయల ధరతో గెలిచింది. లేఖ వచ్చిన రోజు నుంచి లెక్కపెడితే వంద రోజులు కూడా కాలేదు.

అందరి ఉద్యోగాలూ పదిలంగా నిలిచాయని చెప్పడం లేదు. కొత్త యాజమాన్యం వచ్చాక వేలమందిని తక్కువ జీతంతో ‘వర్చువల్ పూల్’లో ఉంచారు. ఆ బాధ పడినవాళ్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. కానీ గమనించండి. ఆ బోర్డు ‘అంతా బాగుంది’ అంటే నమ్మేవాళ్లు లేరు. వాళ్ల దగ్గర ఉన్నది క్రమం: ముందు జీతం, తర్వాత క్లయింట్, ఆ తర్వాత కొనేవాళ్లు. దేనికి దానికి ఒక తేదీ. నమ్మకం దాని నుంచే వచ్చింది.

ఒకే రోజు, రెండు ఉత్తరాలు

చెడ్డ కబురు ఎట్లా చెప్పాలో చూడాలంటే 2014 జూలై 17కు వెళ్దాం. అనంతపురం జిల్లా మూలాలున్న మన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈవో అయ్యి అప్పటికి ఆర్నెల్లు కూడా నిండలేదు. ఆ రోజు ఉద్యోగులకు ఆయన ఒక ఉత్తరం రాశారు. మొదట్లోనే విషయం చెప్పేశారు: వచ్చే ఏడాదిలో 18 వేల వరకు ఉద్యోగాలు తగ్గిస్తున్నాం. వాటిలో 12,500 దాకా నోకియా నుంచి వచ్చిన విభాగంవే. ఉద్యోగం పోయే వాళ్లలో ఎక్కువమందికి ఆర్నెల్లలోపు తెలియజేస్తామని గడువు కూడా చెప్పారు.

అదే రోజు ఆ విభాగం అధిపతి స్టీఫెన్ ఎలాప్ తన వాళ్లకు ఇంకో ఉత్తరం రాశారు. ‘హలో దేర్’ అని మొదలుపెట్టి ఫోన్ల వ్యూహం, బ్రాండ్, భవిష్యత్తు అంటూ పేరాల మీద పేరాలు నడిపారు. 12,500 అన్న అంకె ఎక్కడో కిందికి పోయాక గానీ కనబడదు. చెడ్డ కబురు ఎట్లా చెప్పకూడదో చెప్పడానికి ఆ ఉత్తరాన్ని ఇప్పటికీ ఉదాహరణగా చూపిస్తుంటారు.

రెండింటిలోనూ కబురు చెడ్డదే. అయితే ఒకదాంట్లో చదివేవాడికి తన పరిస్థితి మొదటి నిమిషంలో అర్థమైంది. ఇంకోదాంట్లో తన బతుకు గురించిన వాక్యం కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. మీ టీమ్ కాల్‌లో కూడా అంతే. అసలు విషయం మొదటి రెండు నిమిషాల్లో రావాలి. స్లైడ్లు తర్వాత చూపించుకోవచ్చు.

సుగ్గి మేస్త్రి దగ్గర నేర్చుకోవాల్సింది

ఇదంతా పెద్ద కంపెనీల కథ అనిపిస్తోందా? మన పక్కనే చూద్దాం. వానలు మొహం చాటేసిన ఏడాది మన పడమటి పల్లెలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయల కోతకు, పత్తి తీతకు జనం బండ్లెక్కుతారు. ఒక్కో గుంపుకు ఒక మేస్త్రి ఉంటాడు. పంట ఎట్లుందో, ధర పడిపోతే రైతు ఎన్ని రోజులు పని చెప్తాడో అతనికీ తెలీదు. కానీ బండి ఎక్కకముందే అడిగే ప్రశ్నలు అతనికి తెలుసు. కూలి ఎంత? ఉండేదెక్కడ? నీళ్లున్నాయా? పని లేని రోజు సంగతేంది? పండక్కి ఇంటికి వస్తామా? తెలిసినవాటికి లెక్క చెప్తాడు. తెలియనిదాన్ని ‘పోయినాక చూసి చెప్తా’ అంటాడు. చెప్పింది ఒకటి, అక్కడ జరిగింది ఒకటి అయితే మరుసటి ఏడాది ఆ మేస్త్రి వెంట ఎవరూ బయలుదేరరు.

వలసను గొప్పగా చూపించాలని ఇది రాయడం లేదు. అడ్వాన్సుల పేరుతో మోసం చేసే మేస్త్రీలూ ఉన్నారు. సుగ్గి వెంట పోయి బడి మానేసే పిల్లలూ ఉన్నారు. చెప్పేది ఏంటంటే, అనిశ్చితిలో జనం లీడర్‌ను ఏం అడుగుతారో మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. ఆఫీసులో ఆ ప్రశ్నలే ఇంకో భాషలో వస్తాయి.

ఇంకో మెట్టు కూడా ఉంది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. తర్వాత పద్మశ్రీ అందుకున్నారు. సంఘం అంటే ఏంటి? నూలు తేవడం, బట్ట అమ్మడం అనే బెంగను సంఘం మోస్తే నేతగాడు మగ్గం మీద మనసు పెట్టగలడు. లీడ్ పని కూడా అదే. టీమ్ మీద పడే అనిశ్చితిలో కొంత భాగం మీరు మోయాలి. పైవాళ్లను అడగడం, పదే పదే అడగడం, అవసరమైతే తిట్టు తినడం మీ వంతు.

రేపు ఆఫీసులో ఏం చేయొచ్చు?

మొదటిది, కాల్‌కు ముందు ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. తెలిసినవి, తెలియనివి, చెప్పకూడనివి. మూడో గడి ముఖ్యం. కొన్ని విషయాలు మీకు తెలిసినా బయటపెట్టడానికి వీల్లేదు. అప్పుడు ‘తెలీదు’ అనకండి, అది అబద్ధం. ‘దీని గురించి నేనిప్పుడు మాట్లాడలేను’ అనండి. ఆ తేడా టీమ్‌కు అర్థమవుతుంది.

రెండోది, ‘తెలీదు’ అన్నచోట ఆగిపోకండి. ఉత్త ‘తెలీదు’ వింటే ఎవరికైనా భయమేస్తుంది. ‘తెలీదు. బుధవారం పైవాళ్లతో మీటింగ్ ఉంది. గురువారం పదకొండింటికి మళ్లీ కలుద్దాం. కొత్త విషయం ఏమీ లేకపోయినా కలుద్దాం’ అనండి. గురువారం కచ్చితంగా కలవండి. చెప్పడానికేమీ లేని ఆ పది నిమిషాల కాల్ పుకార్లను ఆపినంతగా ఏ మోటివేషన్ స్పీచూ ఆపలేదు.

మూడోది, తేల్చగలిగిన చిన్నవి వెంటనే తేల్చండి. ఈ వారం ఏ పని ఆపాలి, ఏది పూర్తిచేయాలి, సెలవులు ఇస్తారా లేదా. పెద్ద ప్రశ్న తేలేదాకా చిన్నవన్నీ ఆపేస్తే అందరి చేతులూ ఖాళీ అవుతాయి. ఖాళీ చేతుల్లోకి ఫోన్ వస్తుంది, ఫోన్‌లోకి పుకార్లు వస్తాయి.

నాలుగోది, ఎవరి ఉద్యోగానికీ హామీ ఇవ్వకండి. అది మీ చేతిలో లేదు. రెజ్యూమె చూసిపెట్టడం, ఆఫీసు టైమ్‌లోనే రోజూ ఒక గంట కొత్త టూల్ నేర్చుకోనివ్వడం, వేరే ప్రాజెక్టు లీడ్‌తో మాట్లాడిపెట్టడం మీ చేతిలో ఉన్నాయి. ఫ్లాట్ అడిగిన తమ్ముడికి ‘నాకు తెలీదు రా. నీ స్థానంలో నేనుంటే ఒక క్వార్టర్ ఆగుతా’ అని చెప్పడమూ మీ చేతిలో ఉంది.

ఐదోది మీ గురించి. ఆ పది మందికి ఉన్న భయం మీకూ ఉంటుంది, మీ ఉద్యోగమూ ఆ లిస్టులో ఉండొచ్చు. ఆ భారం టీమ్ మీద దించకండి. అట్లాగని ఒంటరిగా మోయకండి. టీమ్ బయట ఒక సీనియర్‌నో కాలేజీ స్నేహితుణ్నో పట్టుకోండి. ఆర్నెల్ల ఖర్చులు పక్కన పెట్టుకోండి. నెల గడవడం కష్టంగా ఉన్నవాడికి పైవాళ్లను నిలదీసి అడగడం కూడా కష్టమే.

‘మేనేజ్‌మెంట్ పాజిటివ్‌గా మాట్లాడమంటుంది, ఇట్లా చెప్తే మా పేరు చెడిపోదా?’ అని కొందరు అడుగుతారు. కొన్నిచోట్ల చెడిపోవచ్చు, కాదనను. కానీ మేనేజ్‌మెంట్లు మారతాయి, కంపెనీలు మారతాయి. ఆ పది మంది మాత్రం రేపు పది కంపెనీల్లో ఉంటారు. మీ గురించి ఎవరైనా అడిగితే చెప్పేది వాళ్లే.

మాధవరం తుంగభద్ర ఒడ్డున ఉంటుంది. 2009 అక్టోబర్‌లో ఈ నది మంత్రాలయాన్ని ముంచిన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. నది పొంగినప్పుడు ఒడ్డు ఊళ్లవాళ్లు ‘ఏం కాదులే’ అనే మనిషి కోసం చూడరు. డ్యామ్ గేట్లు ఎన్ని ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వదిలారు, నీళ్లు మనదాకా ఎన్ని గంటల్లో వస్తాయి అని అడుగుతారు. అది తెలిస్తే గొడ్లు విప్పాలా, సామాన్లు మిద్దె మీదికి చేర్చాలా అనేది వాళ్లే తేల్చుకుంటారు. మీ టీమ్ కూడా అంతే. శుక్రవారం కాల్ పెట్టేముందు, ఎందుకు పెడుతున్నారో ఒక్క లైను ఆ మెసేజ్‌లోనే రాయండి. మొదలు అక్కడ పెట్టండి.