ముగ్గు పోయకముందే మేస్త్రితో లెక్క తేలాలి

నంద్యాల జిల్లాలో ఏ పల్లెకు వెళ్లినా పిల్లర్ల తలల మీద కమ్ములు తుప్పు పట్టి నిలిచిపోయిన ఇళ్లు కనిపిస్తాయి. కొన్నింటికి స్లాబు పడింది, తలుపులు లేవు. కొన్ని బేస్‌మట్టం దగ్గరే ఆగి, వాటి నడుమ కంపచెట్లు మొలిచాయి. డబ్బు చాలకపోవడం ఒక్కటే ఇందుకు కారణమని అనుకోవడం పొరపాటు. ఉన్న డబ్బుకు ఎంత ఇల్లు వస్తుందో తేల్చుకోకుండా గుంతలు తీయడమే చాలాచోట్ల అసలు కారణం. నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము పునాదిలో పూడిపోయాక రైతు ఎవరిని అడగాలి?

గ్రామాల్లో మేస్త్రితో బేరం సాధారణంగా రచ్చబండ దగ్గర ఒక్క మాటలో తేలిపోతుంది. అడుగుకు ఇంత అంటాడు, సరే అంటారు. ఏ అడుగు అన్నది మాత్రం ఎవరూ అడగరు. 20 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు గల ఇల్లు గోడల కొలతన 500 చదరపు అడుగులు. స్లాబును నాలుగు వైపులా అడుగున్నర బయటికి తెస్తే అదే ఇల్లు స్లాబు కొలతన 644 అడుగులవుతుంది. కూలి అడుగుకు 300 రూపాయలని అనుకుంటే ఈ ఒక్క తేడా 43,200 రూపాయలు. స్లాబు వేసిన మరునాడు పుట్టే తగాదాల్లో సగం ఇక్కడివే. గోడ కొలత లెక్కించే మేస్త్రులున్నారు, స్లాబు కొలత లెక్కించే వారూ ఉన్నారు. రెండూ మోసం కావు. ముందే చెప్పకపోవడమే మోసంగా పరిణమిస్తున్నది.

కొలత తేలినా పని తేలదు. సెంట్రింగ్ చెక్కలు ఎవరు తేవాలి? పిట్టగోడ, మెట్లు, బయటి గోడల పూత, మరుగుదొడ్డి గుంత బేరంలో చేరినట్టా, కానట్టా? కూలికి మాత్రమే ఒప్పుకున్నాడా, సామానుతో కలిపి మొత్తం గుత్తకు తీసుకున్నాడా? ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెడితే గంట పని. మేస్త్రి మనవాడే, కాగితాలెందుకని మొహమాటపడేవారే తరువాత పెద్దమనుషుల పంచాయితీకి ఎక్కుతున్నారు. డబ్బు కూడా బేస్‌మట్టానికి ఇంత, లింటెల్‌కు ఇంత, స్లాబుకు ఇంత అని పని వెంబడి ఇచ్చుకుంటూ పోవాలి గాని, ముందే సగం చేతిలో పెట్టడం తగదు.

ఇక ఇంటి రూపు సంగతి. పట్నంలో బంధువుల ఇల్లు చూసి అటువంటి హాలు కావాలని పట్టుబట్టడం పరిపాటి అయింది. జొన్నల మూటలు, గేదెల దాణా, మందు పిచికారీ డబ్బా ఎక్కడ పెట్టాలన్న ఆలోచన గృహప్రవేశం నాటికి గాని రాదు. 2020లో ప్రభుత్వం గ్రామాల్లో పంచిన స్థలం సెంటున్నర. అంటే 653 చదరపు అడుగులు. అంత చిన్న జాగాలో ప్రతి అడుగూ విలువైనదే. బయట బయట 10 అడుగులున్న గదికి రెండు వైపులా 9 అంగుళాల గోడలు పోతే లోపల మిగిలేది ఎనిమిదిన్నర అడుగులు. కాగితం మీద ఇది తెలియదు. నేలమీద ముగ్గుతో గదులు గీసి, మంచం తెచ్చి వేసి, తలుపు ఎటు తెరుచుకుంటుందో నడిచి చూస్తే తెలుస్తుంది. ఆ చూసేటప్పుడు ఇంటి ఆడవారు తప్పక ఉండాలి. పొయ్యి దగ్గర నిలబడేది, అంట్లు తోమే నీళ్లు ఎటు పోవాలో తెలిసినదీ వారే. ముసలివారికి మరుగుదొడ్డి ఎంత దూరమో కూడా అప్పుడే చూసుకోవాలి. వాస్తు చూపించుకునేవారు సైతం ఆ పని ముగ్గు దశలోనే ముగించడం మంచిది. లింటెల్ లేచాక ద్వారం జరపమని సిద్ధాంతి చెబితే పగలగొట్టేది గోడను కాదు, యజమాని సంచిని.

ఖర్చు తగ్గించే చోటు ఒకటుంది, తగ్గించకూడని చోటు ఒకటుంది. నంద్యాల, కోయిలకుంట్ల ప్రాంతాల నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల లోతు దాటని పునాది మీద గోడ రెండేళ్లు తిరక్కుండానే పగులుతుంది. ఇటువంటి నేలకోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాల పద్ధతిని రూపొందించింది. అది అందరికీ కుదరకపోయినా, పునాది మీద నాలుగు వైపులా కాంక్రీటు బెల్టు లేకుండా రేగడిలో ఇల్లు లేపరాదు.

మిగుల్చుకోవలసింది గోడల్లో, సోకుల్లో. కేరళలో స్థిరపడిన ఆంగ్లేయ వాస్తుశిల్పి లారీ బేకర్ ఇటుకలను అంచు మీద నిలబెట్టి, మధ్య ఖాళీ వదిలి గోడలు కట్టించాడు. ఇటుక సుమారు పాతిక శాతం మిగులుతుంది, లోపల చల్లగానూ ఉంటుంది. అయితే చేయి తిరగని మేస్త్రితో ఈ ప్రయోగం వద్దు. బేతంచెర్ల నాపరాయి పక్కనే ఉండగా మెరుగు టైల్స్ కోసం అప్పు చేయడం ఏపాటి తెలివి? మన పాత మిద్దెలు మే నెలలో చల్లగా ఉండేవి. ఇప్పటి స్లాబు మీద కనీసం సున్నమైనా కొడితే రాత్రి కాస్త నిద్ర పడుతుంది.

మేస్త్రుల గోడు కూడా వినవలసి ఉన్నది. గోడ లేచాక కిటికీ మార్చమంటారు, ఆ కూలి ఇవ్వరు. గృహప్రవేశం అయిపోయాక మిగిలిన బాకీ కోసం పదిసార్లు తిప్పుతారు. స్లాబుకు కనీసం 7 రోజులు, ఇప్పుడు ఎక్కువగా వాడే బూడిద కలిసిన సిమెంటయితే 10 రోజులు తడపాలని చెప్పి పోతే, మూడో రోజే మానేసి, పగుళ్లు వచ్చాయని నింద వేస్తారు. కాగితం ఉంటే అది మేస్త్రికీ రక్షణే.

ప్రభుత్వ సాయం 1.80 లక్షలతో మొదలైన ఇళ్లు ఎన్నో ఆగిపోగా, 2025లో ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించవలసి వచ్చింది. సొమ్ముతోపాటు సలహా కూడా అందాలి. గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు. బిల్లుకు ఫోటో తీయడానికి వచ్చే ఆ ఉద్యోగి ముగ్గు పోసే రోజునే వచ్చి నేల చూసి, లెక్క కట్టి చెప్పే ఏర్పాటు జరగాలి. మేస్త్రికీ యజమానికీ మధ్య ఒప్పంద పత్రం నమూనాను తేలిక తెలుగులో అచ్చువేయించి ప్రతి సచివాలయంలో ఉంచాలి. గృహనిర్మాణ శాఖ ఈ రెండు పనులను వచ్చే వేసవి కట్టుబడులు మొదలయ్యేలోగా చేపట్టవలసి ఉన్నది.