పరిశోధన ఒక ఎత్తు.. ప్రచురణ మరో ఎత్తు!
జర్నల్ ఎంపికలో తడబడుతున్న యువ పరిశోధకులు
రుసుముల భారం.. నకిలీల వల

ఉప్పల్: పలు జాతీయ పరిశోధన సంస్థలు తార్నాక నుంచి ఉప్పల్ వరకు ఉన్న కొద్ది కిలోమీటర్ల దారిలో కొలువుదీరాయి. ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ ఈ దారిలోనివే. ఒకప్పుడు నాచారంలో నడిచిన సీడీఎఫ్‌డీ సైతం ఇప్పుడు ఉప్పల్‌లోనే ఉంది. కూతవేటు దూరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఏళ్ల తరబడి ప్రయోగశాలల్లో శ్రమించి సాధించిన ఫలితాన్ని లోకానికి చాటవలసిన ఘట్టంలోనే పరిశోధకులకు అసలు చిక్కు ఎదురవుతోంది.

చదవాలన్నా డబ్బే.. రాయాలన్నా డబ్బే!
పేరున్న జర్నళ్లలో పత్రం వెలువడడానికి రెండు మార్గాలున్నాయి. చందాతో నడిచే జర్నల్ అయితే రచయిత సాధారణంగా ఏమీ చెల్లించనక్కరలేదు. కానీ చందా కట్టిన సంస్థల వారే దానిని చదవగలరు. ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. కానీ చాలాచోట్ల ఆ ఖర్చు రచయితపైనే పడుతుంది. 'నేచర్' పత్రిక 2020లో ఇందుకు ప్రకటించిన రుసుం 9,500 యూరోలు. నెలవారీ ఫెలోషిప్‌పై బతికే పరిశోధక విద్యార్థికి ఇది అందని మాట.

మొదటి మార్గంలోని లోటు ప్రజలకూ తగులుతుంది. కాటేదాన్ పారిశ్రామికవాడ నేలలో భారలోహాల కాలుష్యంపై ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు 2000 దశకంలో అధ్యయనం చేశారు. ఆ ఫలితాలు వెలువడింది ఒక విదేశీ జర్నల్‌లో, ఆంగ్లంలో. ప్రజాధనంతో జరిగిన పరిశోధన ఆ నేల మీద బతికే వారికే చేరకపోవడాన్ని ఏమనాలి?

నగరానికి అంటిన మచ్చ
ఈ ఇబ్బందులను ఆసరా చేసుకుని పుట్టుకొచ్చినవే నకిలీ జర్నళ్లు. సమీక్ష చేస్తామంటారు, చేయరు. రోజుల్లోనే అంగీకార పత్రం పంపి, ఆ వెనుకే బిల్లు పంపుతారు. ఈ వ్యవహారంలో హైదరాబాద్ పేరు ప్రపంచమంతా మోగింది. ఇక్కడ ప్రధాన కార్యాలయం ఉన్న ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో నెవాడా ఫెడరల్ కోర్టును ఆశ్రయించింది. సమీక్ష విషయంలో మభ్యపెట్టారని, సమ్మతి తెలపని వారిని సంపాదకులుగా చూపారని, రుసుం సంగతి ముందుగా స్పష్టం చేయలేదని అభియోగాలు మోపింది. సంస్థ వాటిని తోసిపుచ్చింది. అయినా 2019 మార్చిలో కోర్టు 5.01 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పునిచ్చింది. 2020లో అప్పీలు కోర్టు సైతం ఆ తీర్పునే సమర్థించింది.

నిబంధనల పాత్ర ఎంత?
నకిలీలకు గిరాకీ పెంచింది మన నిబంధనలే. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు కనీసం ఒక పత్రం ప్రచురించాలని యూజీసీ 2016 నిబంధనలు పట్టుబట్టాయి. అధ్యాపకుల పదోన్నతులకూ పత్రాల లెక్కే కొలమానమైంది. యూజీసీ 2017లో ఆమోదిత జర్నళ్ల జాబితా వెలువరించినా, అందులోంచి 2018 మే నెలలో 4,305 జర్నళ్లను తొలగించక తప్పలేదు. తరువాత వచ్చిన 'కేర్' జాబితాకు సైతం 2025లో స్వస్తి చెప్పి, మంచిచెడులు తేల్చే బాధ్యతను విద్యాసంస్థలకే వదిలేసింది. పీహెచ్‌డీకి ప్రచురణ తప్పనిసరి అన్న షరతు మాత్రం 2022 నిబంధనలతో తొలగిపోయింది.

ఊరట కొందరికే
2025 జనవరిలో ఆరంభమైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కొంత ఊరటనిచ్చింది. మూడేళ్లకు రూ.6,000 కోట్ల వ్యయంతో 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13 వేల జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. అయితే ఇది ప్రభుత్వ విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలను ఉద్దేశించినది. హబ్సిగూడ శాస్త్రవేత్త తెరిచే పత్రం, పక్కనే ఉన్న నాచారం పారిశ్రామికవాడలోని చిన్న ఔషధ పరిశ్రమ రసాయనవేత్తకు తెరుచుకోదు.

ఎంపిక ఎలా?
జర్నల్‌ను ఎంచుకునేటప్పుడు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒక్కటే ప్రమాణం కారాదు. అది గత రెండేళ్ల పత్రాలకు లభించిన ఉల్లేఖనల సగటు మాత్రమే. ఒక్కో పత్రం విలువను అది చెప్పదు. తన పరిశోధనను ఎవరు చదవాలో ముందుగా నిర్ణయించుకోవాలి. తాను ఉదహరించిన మంచి పత్రాలు ఏ జర్నళ్లలో వచ్చాయో చూసుకోవాలి. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, డీఓఏజే జాబితాలను ఆయా వెబ్‌సైట్లలోనే సరిచూడాలి. సంపాదకవర్గంలోని ఒకరిద్దరికి ఉత్తరం రాసి నిర్ధారించుకోవడం మేలు. రుసుం ఎంతో ముందుగా చెప్పని జర్నల్‌కు పత్రం పంపరాదు. జర్నల్ అనుమతించిన మేరకు తుది ప్రతిని సంస్థాగత భాండాగారంలో ఉంచితే రూపాయి ఖర్చు లేకుండా అందరికీ చేరుతుంది.

ఎన్ని పత్రాలని కాక, ఏం రాశారని అడిగే రోజు రావాలి. అంతవరకు నకిలీల వ్యాపారానికి ఢోకా ఉండదు.