ఆరేళ్ళు పడితే తప్పేంటి?

మా తమ్ముడు టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు, నేను అరిసెల పాకం చూసుకుంటుంటే గట్టు మీద ఫోను పెట్టి "అక్కా, ఈవిడ పాట విను" అన్నాడు. వినగానే నేనన్న మొదటి మాట, "గొంతు బావులేదేమిట్రా ఈవిడకి?" అని. జీర గొంతు. మాటల చివర్లు సాగదీసి అలా వదిలేస్తుంది. అలిసిపోయి ఇంటికొచ్చినావిడ గుమ్మంలో చెప్పులు విడుస్తూ మాట్లాడుతున్నట్టుంటుంది. సుశీలమ్మ, జానకమ్మల పాటలకి అలవాటుపడ్డ చెవులు కదా మనవి! కానీ నాలుగో పాటకి వచ్చేసరికి నా పాకం ముదిరిపోయింది.

ఆమె పేరు లూసిండా విలియమ్స్. 1953లో లూసియానా రాష్ట్రంలోని లేక్ చార్లెస్‌లో పుట్టింది. తండ్రి మిల్లర్ విలియమ్స్ కవి, కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. 1997లో క్లింటన్ రెండోసారి ప్రమాణ స్వీకారం చేసినప్పుడు కవిత చదివింది ఆయనే. తల్లి పియానో వాయించేది, మానసిక అనారోగ్యంతో బాధపడింది. తండ్రి ఉద్యోగం కోసం ఊళ్ళు మారడంతోనే ఈ పిల్ల బాల్యమంతా గడిచింది.

1979లో మొదటి రికార్డు, అందులో అన్నీ పాతవాళ్ళ పాటలే. మరుసటేడు సొంత పాటలతో ఇంకోటి. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఏమీ లేదు. లాస్ ఏంజిలిస్ కంపెనీవాళ్ళు "ఇది రాక్ కాదు, కంట్రీ" అన్నారు. నాష్‌విల్‌కి పంపితే వాళ్ళు "ఇది కంట్రీ కాదు, రాక్" అన్నారు. పల్లెపాట, బ్లూస్, రాక్ మూడూ కలిసిన ఈ బాణీకి ఆల్టర్నేటివ్ కంట్రీ అనే పేరు స్థిరపడింది తర్వాతెప్పుడో. చివరికి 1988లో ఆమె రికార్డు వేసింది రఫ్ ట్రేడ్ అనే ఇంగ్లండు కంపెనీ, అదీ పంక్ పాటలకి పేరుపడ్డది! అందులోని ఒక పాటని మేరీ చాపిన్ కార్పెంటర్ పాడితే, రాసినందుకు 1994లో లూసిండాకి గ్రామీ అవార్డు వచ్చింది.

ఇది వింటుంటే నాకు నవ్వొచ్చింది. నా కథ ఒకటి ఓ పత్రిక నుంచి తిరిగొచ్చింది, "మహిళల పేజీకి బరువెక్కువ" అని. సాహిత్యం పేజీకి పంపితే "వంటిల్లు ఎక్కువ" అన్నారు. కథ అదే, కామా కూడా మార్చలేదు!

అసలు నాకు కోపం తెప్పించిన సంగతి వేరే ఉంది. 1992 తర్వాత ఆమె ఇంకో ఆల్బం తెచ్చింది 1998లో, 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్'. మొదట తన గిటారిస్టు గర్ఫ్ మోర్లిక్స్‌తో రికార్డు చేసింది, తృప్తి కలగలేదు. స్టీవ్ ఎర్ల్‌తో మళ్ళీ చేసింది. చివరి మెరుగులు రాయ్ బిట్టన్‌తో. ఇక పత్రికలు అందుకున్నాయి, ఆమెతో వేగడం కష్టమని, దేనికీ తృప్తిపడదని. మరి ఇదే రాయ్ బిట్టన్ పియానో వాయించిన 'బార్న్ టు రన్' ఆల్బం 1975 నాటిది. అందులో పేరుపాట ఒక్కదానికే బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌కి ఆరు నెలలు పట్టింది. దాన్ని మాత్రం పట్టుదల అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. మగవాడు చెక్కితే శిల్పం, ఆడది చెక్కితే చాదస్తమా?

"మరి పదేళ్ళకి పైగా వెంట ఉన్న మోర్లిక్స్ విడిపోయాడు కదక్కా, అతనికి నొప్పి ఉండదా?" అన్నాడు తమ్ముడు. ఉంటుంది. కాదనను. ఆమె వల్ల ఎవరూ బాధపడలేదని నేను వాదించడంలేదు. రికార్డు వినండి అంటున్నానంతే. దానికి గ్రామీ వచ్చింది కూడా.

పేరుపాట కారు వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూసే చిన్నపిల్లది. పెద్దవాళ్ళ గొడవలూ, ఊరు మారే హడావుడీ ఆ పిల్ల చెవిన పడుతుంటాయి. నాష్‌విల్‌లో ఆ పాట విన్నాక తండ్రి ఆమె దగ్గరికొచ్చి క్షమించమన్నాడట. ఆ పిల్ల తనేనని అప్పటిదాకా ఆమెకే తట్టలేదట! ఆ మాట విన్నాక స్టవ్ కట్టేసి కాసేపు పీట మీద కూర్చుండిపోయాను. మా నాన్నగారికి బదిలీలైన ఊళ్ళు ఆరు.

2020 నవంబరులో ఆమెకి పక్షవాతం వచ్చింది. తర్వాత గిటారు వాయించలేకపోయింది. అయినా 2023లో ఆత్మకథా తెచ్చింది, కొత్త ఆల్బమూ తెచ్చింది. పక్కవాళ్ళు వాయిస్తుంటే తను నిలబడి పాడింది.

తిరిగొచ్చిన ఆ కథని నేను నాలుగోసారి రాస్తున్నాను. "ఇంకా అవలేదా?" అని మావారు రాత్రి లైటు చూసి అడుగుతూనే ఉన్నారు.