రాక్కు మీదే పోతున్న సొమ్ము

గాజువాక ఆటోనగర్ షాపుల అన్నదమ్ములకు, మేస్త్రీలకు, స్టోరు చూసే కుర్రాళ్లకు,

పోయిన శ్రావణంలో నా షాపులో ఒక లారీ క్రాంకు షాఫ్టు కవరు విప్పాను. కొన్నరోజు అద్దంలా ఉంది. ఇప్పుడు కవరు లోపలంతా నీటి బొట్లు, జర్నలు మీద నాలుగు వేలిముద్రలు, ఎర్రగా, గీతలతో సహా. ఆ వేళ్లు నావే. నునుపు చూద్దామని చెమట చేత్తో తడిమి, తుడవకుండానే చుట్టేశాను. ఎమిరీ పేపరుతో రుద్దితే ఎరుపు పోయింది గానీ గుంటలు పోలేదు. ఒక్క కిలోమీటరు తిరగని షాఫ్టుని గ్రైండింగుకి పంపాల్సొచ్చింది.

"ఉప్పుగాలి కదండీ, ఏం చేస్తాం" అంటాం. ఉప్పుగాలి అబద్ధం కాదు. తేమ 60 శాతం దాటితే ఇనుము మీద తుప్పు జోరందుకుంటుంది. వానాకాలంలో ఇక్కడ 80 తరచూ దాటుతుంది, ఉప్పు ధూళి ఆ తేమను ముక్క మీదికి లాగుతుంది. కానీ నా షాఫ్టుని సముద్రం పాడుచెయ్యలేదు. పగలు కవరులో చిక్కిన తేమే రాత్రి చల్లబడి బొట్లయింది. అట్టపెట్టె తేమ పీలుస్తుంది, గచ్చు చెమ్మ వదులుతుంది. గోనెసంచి సంగతి సరేసరి.

ముక్కను తుడిచి ఆరబెట్టి, చేతికి గ్లవుజు తొడుక్కుని, తుప్పు పట్టనివ్వని నూనె రాసి, తుప్పును ఆపే ఆవిరి వదిలే వీసీఐ కాగితంలో చుట్టి, గచ్చుకి జానెడు పైన పెట్టండి. వాడేసిన ఇంజనాయిలు మాత్రం రాయొద్దు, అందులో ఆమ్లమూ నీరూ ఉంటాయి. బేరింగు ప్యాకెట్టు బిగించే రోజుదాకా విప్పొద్దు.

ఇంతవరకు ఎవరి షాపులో వాళ్లు చేసుకోగలం. క్రాంకులు, గేర్లు, ఇంజెక్టర్లలాంటి ఖరీదైన సరుకుకి మాత్రం వీధికొక పొడి గది కావాలి. నేను అడుగుతున్నది అదే. సందుల్లేని ఒక గది, తేమ లాగే మెషీను, గోడకో తేమ మీటరు. ముల్లు 50 దాటకుండా చూసే మనిషి ఒకడు. అద్దె ఎవరి రాక్కుల లెక్కన వాళ్లది.

ఏసీ చాలదా అంటున్నారు కొందరు. చాలదు. రాత్రంతా చల్లబడ్డ ఇనుముకి పొద్దున తలుపు తియ్యగానే ఉక్కగాలి తగిలితే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమరుస్తుంది. కరెంటునీ పూర్తిగా నమ్మలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మర్చిపోయామా? అందుకే సిలికా జెల్ సంచులూ పెడదాం. నారింజ రంగు గింజలు పచ్చబడితే ఓవెనులో 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

జూన్ వానలు పట్టకముందే ఒక ఆదివారం కూర్చుందాం. మీ రాక్కులో అన్నిటికంటే ఎక్కువ తుప్పు పట్టిన కొత్త ముక్కను పట్టుకురండి. వేలిముద్రలతో ఉన్న షాఫ్టు ఫోటో నేను తెస్తాను.