ఆపిల్ పండ్లు ఇచ్చి, కాఫీ పెట్టించుకున్నాం!



ఈసారి యాజమాన్యాన్ని తిట్టే ముందు మనల్ని మనం తిట్టుకోవాల్సిన పని ఒకటి పడింది. ముందుగా నన్ను నేను తిట్టుకుంటాను.

పోయిన నెల ఒక ఆదివారం యూనియన్ తరఫున నలుగురం కామసముద్రం వెళ్ళాం. వైండింగు డిపార్టుమెంటులో పనిచేసే మన సోదరికి గర్భసంచి తీసేసే ఆపరేషన్ జరిగి అప్పటికి పదకొండు రోజులు. బంగారపేటలో రెండు కిలోల ఆపిల్ పండ్లు, ఒక హార్లిక్స్ సీసా, ఆరు వందల రూపాయల చీర, ఒక శాలువా కొన్నాం. ప్యాసింజరు రైల్లో దిగి, ఊళ్ళో నడుచుకుంటూ ఆమె ఇంటికి పోయాం. శాలువా కప్పాం. ఫోటో తీశాం. ‘యూనియన్ నీ వెంట ఉందమ్మా, ధైర్యంగా ఉండు’ అని నేను నాలుగు మాటలు మాట్లాడాను.

నేను మాట్లాడుతుండగానే ఆమె ఒక చేత్తో కడుపు, ఇంకో చేత్తో గోడ పట్టుకుని లేచింది. పాల ప్యాకెట్టు కోసం పిల్లవాణ్ణి అంగడికి పంపింది. పొయ్యి వెలిగించి నలుగురికీ కాఫీ పెట్టింది. మేము ‘ఎందుకమ్మా, ఎందుకమ్మా’ అంటూనే తాగేశాం. గ్లాసులు కూడా ఆమే కడిగింది. చీర చూసి, ‘చాలా బాగుందన్నా. లంగా బొందు కుట్ల మీద ఒత్తుతుంది, ఇంకో నెలన్నర దాకా కట్టుకోలేను’ అంది. వాళ్ళ అత్త మనవణ్ణి పిలిచి, ‘ఎవరెవరు ఏం తెచ్చారో నోటుబుక్కులో రాసి పెట్టు, రేపు వాళ్ళింట్లో కార్యమైతే మనం తిరిగి పెట్టాల’ అంది. అంతలో వీధి కొళాయికి నీళ్ళు వచ్చాయి. ఆమె ఖాళీ బిందెల వైపు చూసింది. మేము గడియారం వైపు చూశాం. రైలుకు టైమైందని లేచి వచ్చేశాం.

స్టేషన్లో మాతో వచ్చిన కార్డింగు సోదరి అంది: ‘అన్నా, మనం ఇచ్చిందేమిటి, తీసుకున్నదేమిటి? ఒకసారి లెక్క చూడు.’

చూశాను. పదకొండు రోజుల పచ్చి కుట్లున్న మనిషి చేత మనం నాలుగు గ్లాసుల కాఫీ పెట్టించుకున్నాం. బదులు తీర్చమని ఆరు వందల రూపాయల బాకీ నెత్తిన పెట్టాం. నాలుగు బిందెల నీళ్ళు ఆమె మెడకు తగిలించి వచ్చాం. దీనికి మనం పెట్టుకున్న పేరు పరామర్శ!

మరి యాజమాన్యం ఏం చేసింది?

యాజమాన్యమూ ఒక పండ్ల బుట్ట పంపింది. రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టి, ఒక ఆఫీసరు చేతికిచ్చి పంపింది. ఆ ఫోటో నోటీసు బోర్డు మీద వారం రోజులు ఉంది. అదే నెల జీతం చీటీలో హాజరు బోనసు కోత పడింది. పండ్ల బుట్ట ఖరీదు ఎంతో, కోసిన బోనసు ఎంతో కూడి చూస్తే ఆ బుట్ట ఎవరి డబ్బుతో కొన్నదో మీకే తెలుస్తుంది. మిల్లు పేరు ఇక్కడ రాయను. ఏ మిల్లులో పనిచేసేవాళ్ళు చదివినా ‘ఇది మా మిల్లే’ అనుకుంటారు.

అయితే ఒక్క ప్రశ్న. యాజమాన్యం బుట్ట పట్టుకుని ఫోటో దిగింది. మనం శాలువా పట్టుకుని ఫోటో దిగాం. ఆమె బిందె దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ తేడా ఏముంది?

ఆమెకు కావలసిందేమిటి?

పొట్ట కోసి చేసిన ఆపరేషన్ తర్వాత సుమారు ఆరు వారాలు బరువు ఎత్తరాదని డాక్టర్లు చెబుతారు. పదిహేను లీటర్ల బిందె నిండితే నీళ్ళ బరువే పదిహేను కిలోలు. జీవనది లేని కోలారు జిల్లాలో నీళ్ళు వచ్చిన పూటే పట్టుకోవాలి. ‘విశ్రాంతి తీసుకో’ అని డాక్టరు చీటీ మీద రాస్తాడు. ఆ చీటీ చూసి కొళాయి ఆగుతుందా?

ఇంట్లో మగవాళ్ళు లేరా అని అడుగుతారు. ఉన్నారు. తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోతారు, చీకటి పడ్డాక దిగుతారు. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాక ఈ ప్రాంతంలో వేల కుటుంబాల బతుకు రైలు టైము మీదే నడుస్తోంది. పగలు ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, పిల్లలు, మంచాన పడ్డవాళ్ళు. అందుకని మన ఊళ్ళలో అన్నిటికంటే ఖరీదైన కానుక ఒక మనిషి, ఒక పూట. అది ఏ అంగట్లోనూ దొరకదు. అలాగని రైల్లో తిరిగే మగవాళ్ళను నేను వదిలిపెట్టను. రాత్రి ఎనిమిదికి వచ్చినా రెండు బిందెలు మోయవచ్చు. భార్య పొట్ట మీద కుట్లున్నప్పుడు బిందె ఎత్తితే మగతనం ఏమీ తరగదు.

నా ఇంటి మాట చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నా భార్యకు ఆపరేషన్ అయింది. నేను రింగుఫ్రేము మీద రాత్రి షిఫ్టు. చూడటానికి వచ్చినవాళ్ళు తెచ్చిన బత్తాయిలు, బిస్కెట్లు ఏమయ్యాయో గుర్తు లేదు. కానీ పక్కింటి ఆమె ఒకతి రోజూ పొద్దున్నే వచ్చేది. వాకిలి ఊడ్చేది, తొట్టి నింపేది, ‘ఎట్లుందమ్మా’ అని ఒక్క మాట అడిగి, కూర్చోకుండా వెళ్ళిపోయేది. నెల పైన అలా వచ్చింది. ఒక్క పండు తేలేదు. ఈ రోజుకీ మా ఇంట్లో ఆమె పేరు తలవని పండగ లేదు.

అందుకని ఇకమీద మన సోదరి ఎవరైనా ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వస్తే ఏం తీసుకుపోవాలో రాస్తున్నాను. కత్తిరించి దాచుకోండి.

1. ముందు అడగండి. ‘ఏం కావాలి’ అంటే ‘ఏమీ వద్దన్నా’ అంటుంది. అది మర్యాద మాట. ‘బుధవారం నీళ్ళు నేను పడతానా, బట్టలు ఉతకనా?’ అని పని పేరు పెట్టి అడగండి. అప్పుడు జవాబు వస్తుంది.

2. చీర బదులు మెత్తని నూలు నైటీలు రెండు ఇవ్వండి. ముందు వైపు గుండీలున్నవి, వదులైనవి. నూలు వడికేవాళ్ళం మనం, ఆమె ఒంటి మీద నూలు ఉండనిద్దాం.

3. ఒక చిన్న దిండు. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు పొట్టకు అదిమి పట్టుకుంటే కుట్ల నొప్పి తగ్గుతుంది. మన ఇంటి పాత గుడ్డలతో కుట్టినా చాలు.

4. మరుగుదొడ్డిలో వేసుకునే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ. పల్లెల్లో ఎక్కువగా కింద కూర్చునే దొడ్లే. కుట్లతో గొంతుక్కూర్చుని లేవడం ఎంత నరకమో పడినవాళ్ళకే తెలుసు. అడగడానికి ఆమె సిగ్గుపడుతుంది, ఇవ్వడానికి మనం సిగ్గుపడతాం. ఈ సిగ్గు ఇద్దరం పక్కన పెడదాం. ప్రతి ఇంటికీ కొత్తది అక్కరలేదు. యూనియన్ ఒకటి కొని పెట్టుకుంటే ఇల్లిల్లూ తిరుగుతుంది.

5. వేణ్ణీళ్ళకు ఒక ఫ్లాస్కు. మంచం పక్కన ఉంటే మాటిమాటికీ పొయ్యి దగ్గరికి లేవక్కర్లేదు.

6. తిండి తీసుకుపోతే వండినదే తీసుకుపోండి. సంగటి, ఆకుకూర పప్పు, మజ్జిగ, గుడ్డు. పప్పు తింటే చీము పడుతుంది, నీళ్ళు ఎక్కువ తాగితే కుట్లు పచ్చిపడతాయి అని పత్యం పేరుతో మన ఇళ్ళలో కడుపు మాడుస్తారు. కోత మానాలంటే పప్పు, గుడ్డు వంటి బలమైన తిండి కావాలి. మలబద్ధకం రాకుండా నీళ్ళు, ఆకుకూరలు కావాలి. ఏం తినాలో డాక్టరును అడగండి, పక్కింటివాళ్ళను కాదు. షుగరు జబ్బు ఉందో లేదో తెలుసుకోకుండా స్వీట్లు, గ్లూకోజు పొడులు మోసుకుపోకండి. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదనే ఆచారం ఆ నెలన్నర రద్దు.

7. పావుగంట కంటే ఎక్కువ కూర్చోకండి. కాఫీ ముట్టకండి. ‘గర్భసంచి తీసేస్తే ఇంక ఒళ్ళు పనికిరాదట’, ‘మా చిన్నమ్మకు ఇలాగే అయి పోయింది’ వంటి మాటలు గుమ్మం బయట వదిలి రండి. జ్వరం, చీము, ఎక్కువగా రక్తం పోవడం, పిక్క వాచి నొప్పెట్టడం, వీటిలో ఏది కనబడినా పరామర్శ ఆపి ఆస్పత్రికి బయలుదేరండి.

8. నోటుబుక్కులో రాయించకండి. బదులు తీర్చాల్సిన కానుకను బాకీ అంటారు. పెళ్ళికి చదివింపులు ఉండనీ, మంచం దగ్గరికి అవి వద్దు.

అన్నిటికంటే పెద్ద కానుక

ఇది అంగట్లో దొరకదు, మన హక్కులో దొరుకుతుంది. ఇ.ఎస్.ఐ. పథకం 1952 నుంచి ఉంది. చందా రోజుల నిబంధన, అంటే ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు, పూర్తయి ఉండి, ఇ.ఎస్.ఐ. డాక్టరు సర్టిఫికెట్టు ఉంటే, సెలవు కాలానికి సగటు వేతనంలో నూటికి 70 వంతున ఏడాదిలో 91 రోజుల దాకా జబ్బు భత్యం వస్తుంది. ఆడవాళ్ళ కు.ని. ఆపరేషన్‌కు 14 రోజులు పూర్తి వేతనం. ఇది ఎవరి దయా కాదు. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా నూటికి ముప్పావలా, యాజమాన్యం వాటా మూడుంబావలా చొప్పున కడుతున్న డబ్బు. 2025 నవంబరులో కొత్త కోడ్‌లు అమల్లోకి వచ్చి చట్టాల పేర్లు మారాయి గాని ఈ భత్యం పోలేదు. పోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి మన సోదరి ఏం చేసింది? సర్టిఫికెట్టు ఎవరికి ఇవ్వాలో తెలియక, తీసుకుపోయే మనిషి లేక, కాగితం దిండు కింద పెట్టుకుంది. ఇరవై నాలుగో రోజు డ్యూటీకి వచ్చింది. షిఫ్టంతా నిలబడింది. మూడో రోజు కుట్ల దగ్గర చీము పట్టి మళ్ళీ ఆస్పత్రి. ఆ దిండు కింది కాగితం మాకు కనబడలేదు. శాలువా సర్దడంలో మునిగి ఉన్నాం. ఆ కాగితం ఇ.ఎస్.ఐ. ఆఫీసుకు మోసి ఉంటే ఆమె ఇంకో మూడు వారాలు మంచం మీద ఉండేది. రోజు వేతనం 500 అనుకుంటే భత్యం 350. తక్కువ పడే 150 యూనియన్ నిధి నుంచి ఇచ్చినా శాలువా, చీర, పండ్ల డబ్బుతో ఒక వారం గడిచేది. ఇది నా తప్పు. కార్యదర్శిగా ఒప్పుకుంటున్నాను.

ఇంకొకటి, ఆపరేషన్‌కు ముందు ఇవ్వాల్సిన కానుక. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద వందకు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఏడెనిమిది మంది. తెలుగు ఆడవాళ్ళకే గర్భసంచులు ఎక్కువగా చెడిపోతున్నాయా? అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. అవసరమైన ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, దానికి భయపడవద్దు. కానీ ‘వెంటనే తీసేయాలి’ అని ఒకరు అంటే, ప్రాణం మీదికి రానప్పుడు, ఇంకో డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళడం ఏ చీరకూ తీసిపోని కానుక.

‘యూనియన్‌కు ఇవేం పనులు?’

కొందరు పెద్దలు అడుగుతారు: జీతం, బోనసు మాట్లాడాల్సిన యూనియన్ నైటీలు, దిండ్లు, దొడ్డి కుర్చీల గురించి రాయడమేమిటి, ఇవి ఆడవాళ్ళ విషయాలు కదా అని.

అయ్యా, 2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగళూరు రోడ్లు దిగ్బంధం చేసినవాళ్ళు ఎవరు? గార్మెంట్ల ఫ్యాక్టరీల ఆడవాళ్ళు. దేనికోసం? పి.ఎఫ్. డబ్బులో యాజమాన్యం వాటా 58 ఏళ్ళ దాకా తీసుకోరాదన్న ఉత్తర్వు మీద. ఆ డబ్బు వాళ్ళకు పిల్లల ఫీజు, ఇంటి అప్పు, ఆస్పత్రి ఖర్చు. ఢిల్లీ ప్రభుత్వం రెండో రోజే ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. ఆస్పత్రి ఖర్చు ఆడవాళ్ళ విషయమే అయితే, ఆ ఆడవాళ్ళు మనకంటే బాగా యూనియన్ నడిపారు.

ఇంకొందరు శాలువా గౌరవం కదా అంటారు. గౌరవమే. రిటైరైన రోజు కప్పండి. పచ్చి కుట్ల మనిషికి గౌరవం అంటే ఆమె చేత లేపించకుండా ఉండడం.

మన తీర్మానం

వచ్చే జనరల్ బాడీలో ఈ నాలుగూ పెడుతున్నాను. ఒకటి, పరామర్శకు శాలువా, ఫోటో బంద్. రెండు, ఆ డబ్బుతో కమోడ్ కుర్చీ, ఫ్లాస్కు, నైటీలు కొని యూనియన్ ఆఫీసులో ఉంచాలి. మూడు, ఆపరేషన్ అయిన ప్రతి సభ్యురాలి ఇ.ఎస్.ఐ. కాగితాల బాధ్యత ఆ డిపార్టుమెంటు ప్రతినిధిది, డబ్బు చేతికి అందేదాకా. నాలుగు, ఊరివారీగా వంతులు. కామసముద్రంలో, చుట్టుపక్కల ఊళ్ళలో ఉండే సభ్యులు, మగవాళ్ళతో సహా, షిఫ్టు లేని పూట నీళ్ళు పట్టాలి. కాదనేవాళ్ళు సభలో లేచి కాదనండి. జవాబు చెబుతాను.

పోయిన ఆదివారం మళ్ళీ కామసముద్రం వెళ్ళాను. చేతిలో పండ్లు లేవు. ఆమె లేవబోతే ‘కూర్చోమ్మా’ అన్నాను. నీళ్ళు వచ్చే రోజు కనుక్కునే వెళ్ళాను. ఆరు బిందెలు పట్టాను. ఇన్నేళ్ళు బాబిన్లు మోసిన భుజం, ఆరో బిందెకు నొప్పెట్టింది. అత్త నోటుబుక్కు తీయబోయింది. ‘రాసుకోవడానికి ఏమీ లేదు పెద్దమ్మా’ అన్నాను.

సోదరులారా, వచ్చే ఆదివారం వంతు ఎవరిది?

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి