ముందు నడవడిక, ఆ తర్వాతే చదువు



ప్రోగ్రెస్ కార్డు చేతికి రాగానే మీరు మొదట చూసేది ఏది? మ్యాథ్స్, సైన్స్ మార్కులు, ఆ తర్వాత ర్యాంకు. అన్నిటికంటే కింద 'ప్రవర్తన' అని ఒక గడి ఉంటుంది. దాని గురించి అడిగే పేరెంట్స్ తక్కువ, వివరంగా చెప్పే టీచర్లూ తక్కువే.

చదువుకు ప్రాణమిచ్చే యూదుల సంప్రదాయం మాత్రం ఈ వరుసను తిరగేసింది. తమ ధర్మగ్రంథమైన తోరాను చదవడాన్నే వాళ్లు ఆరాధనగా భావిస్తారు. అయినా 'దెరెఖ్ ఎరెత్స్' తోరా కంటే ముందని వారి గురువులు బోధించారు. ఆ హీబ్రూ మాటకు లోకపు దారి అని అర్థం. మర్యాద, నిజాయితీ, తోటివారితో మెలిగే తీరు అన్నీ అందులోకే వస్తాయి.

'వాయిక్రా రబ్బా' అనే ప్రాచీన వ్యాఖ్యాన గ్రంథంలో దీనికో కథ ఉంది. రబ్బీ యన్నాయ్ అనే గురువు, పండితుడిలా కనిపించిన ఒకాయనను దారిలో చూసి భోజనానికి పిలిచాడు. తింటూ శాస్త్రాల్లో ఒక్కొక్కటే అడిగి చూశాడు. ఆయనకు ఏదీ రాదు. దాంతో యన్నాయ్ ఆ అతిథిని కుక్కతో పోల్చి అవమానించాడు. నా పక్కన కూర్చుని తినే అర్హత నీకేముందని కూడా అడిగాడు. అతిథి చెప్పినవి రెండే విషయాలు. ఒకరి మీద చెడ్డమాట చెవిన పడితే దాన్ని వాళ్లకు మోసుకెళ్లలేదు. ఇద్దరు గొడవపడుతుంటే రాజీ కుదర్చకుండా అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంత మంచి నడవడిక ఉన్న మనిషినా నేను అంత మాట అన్నానని యన్నాయ్ బాధపడ్డాడు.

ఆ గ్రంథమే ఒక లెక్క కూడా చెబుతుంది. నడవడిక తోరా కంటే 26 తరాలు ముందు వచ్చిందట. ఆదాము నుంచి, తోరాను అందుకున్న మోషే వరకు 26 తరాలు మరి. గ్రంథం చేతికి రాకముందు కూడా మనుషులు మనుషుల్లా బతకాల్సిందే కదా!

ఇక తల్ముద్‌లో చెప్పిన విషయం మన క్లాస్‌రూమ్‌లకు ఇంకా దగ్గరగా ఉంటుంది. రబ్బీ అకీవాకు 24,000 మంది శిష్యులు. వాళ్లంతా కొద్ది వారాల్లోనే చనిపోయారట. ఒకరినొకరు గౌరవించుకోకపోవడమే కారణమని తల్ముద్ చెబుతుంది. చదువులో వెనకబడ్డారని ఎక్కడా అనలేదు. ఈనాటికీ ఎంతోమంది యూదులు పస్కా పండుగ తర్వాత వచ్చే ఆ వారాల్లో పెళ్లిళ్లు పెట్టుకోరు.

19వ శతాబ్దంలో లిథువేనియాకు చెందిన రబ్బీ ఇజ్రాయెల్ సలాంటర్ 'ముసార్' ఉద్యమం మొదలుపెట్టారు. ఆ ప్రభావంతో చాలా యెషివాల్లో, అంటే మతవిద్యాలయాల్లో, శీలాన్ని దిద్దుకోవడానికి టైమ్‌టేబుల్‌లోనే రోజూ కొంత సమయం కేటాయించారు.

"అవన్నీ సరే టీచర్, మార్కులు లేకపోతే సీటు ఎవరిస్తారు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చదువు వద్దని ఆ గురువులూ అనలేదు. చదువు, నడవడిక ఒకదాన్ని విడిచి ఒకటి నిలవవని రబ్బీ ఎలాజార్ బెన్ అజర్యా బోధించాడు. కడుపుకు తిండి లేకపోతే చదువు సాగదని కూడా ఆయనే గుర్తుచేశాడు. అయితే నడవడికను మించిపోయిన చదువును ఆయన కొమ్మలు ఎక్కువై వేర్లు తక్కువైన చెట్టుతో పోల్చాడు. గట్టి గాలి వస్తే అది నిలవదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మన పెద్దలు అనేదీ ఇలాంటి చదువు గురించే.

జ్వరమొచ్చి రెండు రోజులు స్కూలుకు రాని స్నేహితుడికి నోట్స్ ఇవ్వని పిల్లలు ఉన్నారు. ఎందుకని అడిగితే, "వాడికి నాకంటే ఎక్కువ వస్తాయి టీచర్" అంటారు. ఆ పిల్లలు చెడ్డవాళ్లు కారు. ఇంట్లో, స్కూల్లో పెద్దలు మొదట అడిగే ప్రశ్న ఏదో వాళ్లు కనిపెట్టేశారు, అంతే.

అందుకే ఒక విన్నపం. వచ్చే మీటింగ్‌లో మార్కుల కంటే ముందు, "మా బాబు పక్కవాళ్లతో ఎలా ఉంటున్నాడు? మా పాప ఓడిపోయినప్పుడు ఎలా ఉంటోంది?" అని మమ్మల్ని అడగండి. పిల్లల ఎదుటే అడగండి. మేము 'గుడ్' అని ఒక్క మాటతో సరిపెడితే ఒప్పుకోకండి.