ఉబ్బసానికి మూలం పరుపులో ఉండవచ్చు

ఉబ్బసం గల ఇంట దుమ్ముతో వైరం కొత్తది కాదు. గృహిణి రెండు పూటలా ఊడుస్తుంది, కిటికీలు మూస్తుంది, వీధి దుమ్మును లోనికి రానివ్వదు. అయినా పిల్లవాడికి రాత్రివేళ ఆయాసం వస్తూనే ఉంటుంది. ఆమె శ్రద్ధలో లోపం లేదు. శత్రువు ఆ బిడ్డ తల ఆనించిన దిండులోనే ఉండవచ్చునన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ధూళి, పొగ, చలిగాలి శ్వాసరోగాలకు కారణాలని చరక సంహిత చికిత్సాస్థానంలోని 17వ అధ్యాయం ఏనాడో పేర్కొన్నది. అందు చెప్పబడిన తమకశ్వాస లక్షణాలు నేటి ఉబ్బసానికి చాలా దగ్గరగా ఉంటాయి. ఇంటి ధూళిలో ఏమున్నదో మాత్రం ఆధునిక పరిశోధకులు తేల్చారు. నెదర్లాండ్స్ దేశంలోని లైడెన్ నగరంలో వూర్హోర్స్ట్, స్పీక్స్మా ప్రభృతులు 1964లో ఒక సూక్ష్మజీవిని ఇందుకు కారణంగా చూపారు. అదే దుమ్ముపురుగు. సాలెపురుగుకు దూరపు బంధువు, ఎనిమిది కాళ్ళు, పొడవు మిల్లీమీటరులో మూడవ వంతుకు మించదు. మంచపు నల్లివలె కుట్టదు, నెత్తురు త్రాగదు. మన చర్మం నుండి రాలే పొట్టును తింటుంది, గాలిలోని తేమను పీల్చుకొని బ్రతుకుతుంది.

చిక్కంతా దాని మలంతోనే. ఆ రేణువులలో 'డెర్ పి 1' అనే జీర్ణరసం ఉంటుంది. పక్క దులిపినప్పుడు అవి గాలిలోకి లేచి శ్వాసనాళాలలో చేరుతాయి. ఆ తత్వం గల శరీరం దానిని శత్రువుగా ఎంచి, 'ఐజీఈ' అనే ప్రతిరక్షక పదార్థాన్ని తయారు చేసుకొంటుంది. ఇది ఒక్కనాటితో జరిగేది కాదు. నెలలు, సంవత్సరాలు పడుతుంది. ఒకసారి ఆ స్థితి ఏర్పడితే మాత్రం కొద్దిపాటి రేణువులకే నాళాలు వాచి బిగుసుకొంటాయి. ప్రతి ఉబ్బస రోగికీ ఇదే కారణమని అనరాదు. చర్మ పరీక్షతోగాని రక్త పరీక్షతోగాని నిర్ధారించుకొన్న తరువాతనే ఇంటిని మార్చే ఖర్చులకు పూనుకోవడం వివేకం.

మన పెద్దలు ఎండకాలంలో పరుపులు, బొంతలు డాబాపై ఆరవేసి, కర్రతో దులిపేవారు. ఆ అలవాటు అపార్ట్‌మెంట్లలో అంతరించిపోతున్నది. దానిని పునరుద్ధరించాలని మా దృఢాభిప్రాయం. తీవ్రమైన ఎండవేడికి, పొడికి ఈ పురుగు నిలువదు. అయితే చచ్చిన పురుగు, దాని మలం పరుపులోనే మిగిలి బాధిస్తాయి కనుక, ఎండబెట్టిన తరువాత ఆరుబయటనే బాగా దులపాలి. ఆ పని రోగి చేయరాదు. దుప్పట్లు, గలేబులు వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి. తేమ ఎక్కువైన కోస్తా జిల్లాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. నీటితో నడిచే కూలర్లు గదిలో తేమను పెంచుతాయని కూడా గుర్తుంచుకోవాలి.

క్రిములు పోతాయని పడకగదిలో సాంబ్రాణి ధూపం వేయడం పలు ఇళ్ళలో ఆచారం. పూజాగృహంలో దాని స్థానం దానికున్నది. ఉబ్బస రోగి పడుకొనే గదిలో మాత్రం పొగ ఏ రూపంలోనూ ఉండరాదు. చరకుడు ధూళి ప్రక్కనే పొగను కూడా చేర్చాడని మరువరాదు.

పురుగును చంపే మందులు, ప్రత్యేకమైన తొడుగులు అంటూ వ్యాపారం కూడా పెరిగింది. 2008లో వెలువడిన కోక్రేన్ సమీక్ష అనేక ప్రయోగాలను పరిశీలించి, ఇటువంటి ఉపాయాల వలన ఉబ్బసం తగ్గుతున్నట్లు కనబడలేదని తేల్చింది. 2017లో ప్రచురితమైన ఇంగ్లండు పరిశోధన కొంత భిన్నమైన ఫలితమిచ్చింది. దుమ్ముపురుగు పడని పిల్లలకు, పురుగు చొరబడని తొడుగులు వేసిన పక్క ఇవ్వగా, ఏడాదిలో ఉబ్బసం ముదిరి ఆసుపత్రికి వెళ్ళినవారు నూటికి సుమారు 29 మంది. మామూలు తొడుగులు వాడినవారిలో సుమారు 41 మంది. ఈ రెండింటినీ కలిపి చూస్తే తోచేదేమంటే, పరీక్షలో ఈ పురుగు పడదని తేలిన పిల్లలకు మంచి తొడుగు మేలు చేయవచ్చు; అందరికీ అన్నీ కొనిపెట్టడం వృథా.

చివరిగా ఒక హెచ్చరిక. శుభ్రత గాని, గృహవైద్యం గాని వైద్యుడు వ్రాసిన ఇన్హేలరుకు బదులు కాజాలవు. శొంఠి, మిరియాల కషాయం గొంతుకు హాయి కలిగించవచ్చు. వాచిన శ్వాసనాళాలను అదుపులో ఉంచే బాధ్యతను దానిపై మోపరాదు. ఇన్హేలరు అలవాటైపోతుందనే భయంతో మానివేసి, ప్రాణం మీదికి తెచ్చుకొనేవారున్నారు. మందు మానకుండా, పక్కకు ఎండ చూపించండి. ఖర్చు లేని ఆ రెండవ పనికి ఈ ఆదివారమే శ్రీకారం చుట్టవచ్చు.